ఓడిన ఆటల అవధానం

నా జన్మలో నేను చేసిన అతి నీచమైన పని ఒక హైస్కూల్ కెఫెటేరియాలో, మైకు ముందు, రెండు వందల మంది తెలుగువాళ్ళ ఎదుట జరిగింది. దానికి చప్పట్లు కూడా పడ్డాయి. అది ఎనభైలో, దీపావళి సంబరాల రోజు. మేమప్పుడు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. నేను ఒక కార్ల కంపెనీలో ఇంజనీరుని, మా తెలుగు సంఘానికి సాంస్కృతిక కార్యదర్శిని. రెండోదానికి జీతం లేదు కాబట్టి దాని మీద గర్వం ఎక్కువ.

అవతలి మనిషి మా వీధిలోనే, నాలుగిళ్ళ దూరంలో ఉండేవాడు. వరంగల్ వాడు. నాకంటే ఆరేడేళ్ళు చిన్న. నన్ను అన్నా అనేవాడు, అతని భార్య కూడా అన్నా అనే పిలిచేది. పిల్లలు లేరు. అతనూ మా కంపెనీలోనే, బ్రేకుల విభాగంలో పనిచేసేవాడు. తయారైన భాగాల్లో లోపాలు వెతకడం అతని పని. ఏ ముక్క ఏ రోజు ఎందుకు పనికిరాకుండా పోయిందో చిన్న చిన్న కార్డుల మీద రాసి వరసగా పెట్టుకునేవాడు. అలాంటి మనిషి చేతికి మా ఊరి ఫుట్‌బాల్ టీమ్ చిక్కింది.

ఫుట్‌బాల్ అంటే మనవాళ్ళు కాలితో ఆడేది కాదు. ఇక్కడ రెండు కొసలూ సన్నగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని ఒకడు పరిగెత్తుతాడు, మిగతావాళ్ళు వచ్చి వాడి మీద పడతారు. మా టీమ్ పేరు చెప్పను. దానికి జరగాల్సిన అవమానం ఇప్పటికే జరిగింది. చివరిసారి ఛాంపియన్లయింది నేనింకా లాగూ తొడుక్కుని బడికి వెళ్ళే రోజుల్లో. ఎనభైకి ముందటేడు పదహారు ఆటలాడి రెండు గెలిచింది. గాలి ఊది నిలబెట్టిన గుడ్డ పైకప్పు కింద, అంత పెద్ద స్టేడియంలో, అంత మంది కళ్ళెదుట ఓడిపోవడానికి చాలా ఓపిక కావాలి. నేనైతే పగలబడి నవ్వేవాణ్ణి. అతను నవ్వేవాడు కాదు.

"ఎందుకు ఓడిపోయిన్రో ఎవరన్న రాసిపెట్టాలె కదన్నా" అనేవాడు.

ఆ జూన్‌లో అతని ఉద్యోగం పోయింది. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఉద్యోగాలు పోవడం వింతేమీ కాదు. కొత్త కార్లు కొనేవాళ్ళు లేక అంగళ్ళలో వరసలు తీరి నిలబడిపోయాయి. శుక్రవారం మధ్యాహ్నం కంపెనీ పార్కింగ్‌లో నా కారు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతుల్లో ఒక అట్టపెట్టె. అందులో కార్డులు, టేబుల్ మీది పెళ్ళి ఫొటో, ఒక స్వెట్టరు.

"దీన్ని నీ గరాజ్‌ల పెట్టుకో అన్నా" అన్నాడు.

"మీ ఇంటికి పట్టుకెళ్ళకూడదా?"

"ఇంట్ల చెప్పలే. చెప్పకు నువ్వు గూడ. నెలల ఇంకోటి దొరుకుతది, గప్పుడు నేనే చెప్త. ఆమెకి భయమెక్కువ. మా నాయిన ఉద్యోగం పోయినప్పుడు మా అమ్మ మాటమాటకి ఆయన్ని ఎట్ల చూసేదో నేను చూసిన. నన్నట్ల చూస్తే నేను బతకను."

"నేనెందుకు చెబుతానయ్యా" అన్నాను. చేతిలో చెయ్యి వేసి మరీ అన్నాను.

నెలలో దొరకలేదు. మూడు నెలల్లోనూ దొరకలేదు. కంపెనీ కొన్నాళ్ళపాటు ఎంతో కొంత ఇస్తుంది కాబట్టి ఇల్లు గడిచింది. అతను మాత్రం రోజూ పొద్దున్న ఏడింటికల్లా టై కట్టుకుని, భార్య ఇచ్చిన క్యారియర్ పట్టుకుని, కారెక్కి వెళ్ళిపోయేవాడు. సాయంత్రం అయిదున్నరకు తిరిగొచ్చేవాడు. ఎక్కడికెళ్తున్నాడో నాకు ఆగస్టులో తెలిసింది. మా అమ్మాయికి ఏదో పుస్తకం కావాలంటే సెలవు పెట్టిన రోజున ఊరి లైబ్రరీకి వెళ్ళాను. పై అంతస్తులో, పాత పత్రికల మైక్రోఫిల్మ్ చూపించే మిషను ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన కార్డుల దొంతర.

పది గంటలకల్లా అప్లికేషన్లు రాయడం అయిపోతుందట. ఆ తరవాత పోద్దామన్నా పోవడానికి చోటు లేదు. అందుకని మా టీమ్ పుట్టిన నాటి నుంచీ ఆడిన ఆటలన్నీ ఒక్కొక్కటే చదివి, ఎవరి మీద ఆడారు, ఎంతకు ఓడారు, ఎవరి తప్పు అన్నది కార్డు మీదికి ఎక్కిస్తున్నాడు. బ్రేకు ముక్కలకు చేసిన పనే.

"ఈ టీమ్ పుట్టింది మన ఊర్ల కాదన్నా, తెలుసా?" అన్నాడు. లైబ్రరీ కాబట్టి గుసగుసగా, కానీ కళ్ళు మెరుస్తున్నాయి. "ఒహాయో నది ఒడ్డున ఒక చిన్న ఊరు. చెప్పులు కుట్టే ఫ్యాక్టరీలు ఉండేవట. ముప్ఫైలల్ల డిప్రెషన్ వచ్చి పనులు పోయినప్పుడు ఆ ఊరోళ్ళు సాకలేక అమ్ముకున్నరు. ఇక్కడ రేడియో స్టేషన్ ఆయన కొనుక్కొచ్చిండు. మొదట్ల చూసెటోళ్ళే లేరు. గందుకే థ్యాంక్స్‌గివింగ్ పండుగ నాడు ఆట పెట్టిండు. అందరు ఇంట్ల తిని కూసుంటరు కద."

నాకు జాలి వేసి ఉంటే ఈ కథ వేరే ఉండేది. నాకు చిరాకు వేసింది. ఉద్యోగం పోయినవాడు ఏడవాలి, లేదా తాగాలి, కనీసం నా దగ్గరకొచ్చి కష్టం చెప్పుకోవాలి. ఇలా సంతోషంగా ఎందుకుండాలి? ఇంకో సంగతి. కంపెనీ తీసేసేవాళ్ళ జాబితాలో నా పేరు కూడా ఉండొచ్చని వసంతకాలమంతా నాకు నిద్ర లేదు. నా పేరు లేదని తెలిసిన రోజున అతని పేరుందని కూడా తెలిసింది. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే. ఆ సంతోషాన్ని అతని మొహం గుర్తుచేస్తూనే ఉండేది, అందుకే ఆ మొహం నాకు పడలేదు.

సెప్టెంబరు వచ్చి ఆటలు మొదలయ్యాక ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చేవారు, భార్యాభర్తలిద్దరూ. మాది పెద్ద కలర్ టీవీ. అతనూ మా అమ్మాయీ కార్పెట్ మీద కూర్చుని చూసేవారు. దానికప్పుడు పద్నాలుగేళ్ళు. నేను ఒక పద్యం చదువుతానంటే "డాడీ, హోంవర్క్ ఉంది" అని మెట్లెక్కి పారిపోయే పిల్ల, అతని పక్కన కూర్చుని మూడు గంటలు కదిలేది కాదు. "అంకుల్, సెవెంటీలో ఏమయ్యింది?" అని అడిగేది. అతను చెప్పేవాడు. ఆ ఏడాది అవతలి టీమ్‌లో బంతి తన్నేవాడికి కుడి పాదం సగమే ఉండేదట, పుట్టుకతోనే. ఆట ఇంకో రెండు క్షణాల్లో అయిపోతుందనగా, అంతకుముందు ఎవరూ తన్ననంత దూరం నుంచి ఆ సగం పాదంతో తన్ని మనల్ని ఓడించాడట. అదే ఏడాది చివర్లో పెద్ద ఆటలో అయిదు-సున్నాతో ఓడిపోయారట. "ఒక్క పాయింటు గూడ చెయ్యకుండ ఇంటికొచ్చిన్రు బిడ్డా" అనేవాడు. మా అమ్మాయి తలపట్టుకుని నవ్వేది. ఆ నవ్వు నా కోసం ఎప్పుడూ నవ్వలేదు.

అప్పుడు మొదలుపెట్టాను నేను. ఆట మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు, అతని భార్య సోఫాలో కూర్చుని ఉండగా, మామూలుగా అడిగేవాణ్ణి.

"ఏవయ్యా, ఆఫీసెలా ఉంది?"

"నడుస్తున్నదన్నా."

"ఆ కొత్త బ్రేకు డ్రమ్ముల సంగతేమైంది? టెస్టింగ్ అయిందా?"

"ఇంక... నడుస్తున్నది."

"మీ బాస్ సెలవులో ఉన్నాడన్నారు, వచ్చాడా?"

అతను నా వంక చూసేవాడు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం ఉంది. చెవులు ఎర్రబడేవి. ఏదో ఒక అబద్ధం కట్టి చెప్పేవాడు. వచ్చే వారం ఆ అబద్ధాన్ని గుర్తు పెట్టుకుని దాని మీద ఇంకో ప్రశ్న వేసేవాణ్ణి. ఒకసారి "బాస్‌కి కూతురు పుట్టింది" అన్నాడు, ఎటూ తోచక. మరుసటి ఆదివారం పాపకి పేరేం పెట్టారని అడిగాను. మా ఆవిడకు కూడా అతని ఉద్యోగం సంగతి తెలియదు, నేను చాలా స్నేహంగా మాట్లాడుతున్నాననుకునేది. ఇవన్నీ నేనిప్పుడు సిగ్గుపడుతూ రాస్తున్నాను. అప్పుడు మాత్రం నాకు ఆదివారం కోసం ఎదురుచూడటం అలవాటైంది.

ఇక దీపావళి. ఆ ఏడు మన దేశం నుంచి ఒక అవధానిగారిని పిలిపిస్తున్నానని నేను ఆర్నెల్లు ముందే డప్పు కొట్టుకున్నాను. అష్టావధానం చూడనివాళ్ళకు రెండు ముక్కలు. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని తలా ఒక చిక్కు ప్రశ్న వేస్తారు. అవధాని ఎవరికీ పూర్తిగా జవాబు చెప్పకుండా, ఒక్కో చుట్టులో, అంటే ఆవృత్తికి, ఒక్కో పాదం చొప్పున పద్యాలు అల్లుతూ తిరుగుతాడు. ఒకరు మధ్యమధ్యలో గంట కొడతారు, అది లెక్కపెట్టుకోవాలి. ఇంకొకరి పని అప్రస్తుత ప్రసంగం. అంటే సందర్భం లేని పిచ్చి ప్రశ్నలు వేసి అతని ఏకాగ్రత చెడగొట్టాలి, అతను చమత్కారంగా జవాబు చెప్పి మళ్ళీ దారిలో పడాలి. చివర్లో అన్నీ వరసగా అప్పజెప్పాలి. దాన్ని ధారణ అంటారు.

వీసా రాలేదు. పది రోజుల ముందు ఉత్తరం వచ్చింది. కమిటీ మీటింగ్‌లో నా మొహం చూడాల్సింది. మా అధ్యక్షుడు గుండె డాక్టరు, ఏ కష్టాన్నైనా రెండు నిమిషాల్లో తేల్చేసే రకం.

"మన వరంగల్ ఆయనున్నాడు కదండీ, ఫుట్‌బాల్ హిస్టరీ మొత్తం నోటికొచ్చు. ఆయన చేత చేయిద్దాం అవధానం! పద్యాలు లేకుండా. పిల్లలు కూడా కూర్చుంటారు, ఏమంటారు?"

అందరూ బల్లలు చరిచారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అవధానం మా వైపు విద్య అని, పద్యం రానివాడు ఆ పీట మీద కూర్చోవడమేమిటని లోపల ఉడికిపోయాను. అతని మాట తీరు మీద కూడా నాకు చిన్నచూపు ఉండేది. అది ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేమీ ఖర్చు కాదు, అప్పుడు దాన్ని సంస్కారమనుకునేవాణ్ణి.

"సరే, నేను అప్రస్తుత ప్రసంగం చేస్తాను" అన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం కెఫెటేరియా పట్టనంత జనం. పులిహోర గిన్నెలు వెనక బల్లల మీద మూతలు పెట్టి ఉన్నాయి, అవధానం అయితే గానీ భోజనాలు లేవు. మామూలుగా సాంస్కృతిక కార్యక్రమం అనగానే పిల్లలు పార్కింగ్‌లోకి పారిపోతారు. ఆ రోజు మొదటి నాలుగు వరసలూ వాళ్ళే. అతను పట్టుపంచె కట్టుకుని వేదిక మీద కూర్చున్నాడు. పంచె నాదే, అతనికి లేకపోతే మా ఆవిడ ఇచ్చింది. భార్య రెండో వరస చివర్లో కూర్చుంది, ఒళ్ళో పట్టుచీర కొంగు సర్దుకుంటూ. గంట మా అమ్మాయి చేతికిచ్చారు.

ఒకరు సంవత్సరం, ప్రత్యర్థి పేరు చెబితే అతను ఎంతకు ఓడామో చెప్పాలి. ఒకరు చొక్కా మీది నంబరు చెబితే ఆ నంబరు ఎవరెవరు తొడిగారో చెప్పాలి. ఒకరు పాత ఆట కథ సగం చెప్పి ఆపితే మిగతా సగం అతను చెప్పాలి. ఇలాంటివే ఇంకో మూడు. నాలుగు ఆవృత్తులు, ప్రతిసారీ ప్రతివారికీ జవాబులో నాలుగో వంతే.

మొదటి రెండు ఆవృత్తులూ ఎక్కడా తడబడలేదు. నేను ఊహించింది అది కాదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు సగం మూసి, చాలా నెమ్మదిగా, తన యాసలోనే చెప్పుకుపోతున్నాడు. ఎంత పెద్ద ఓటమి చెబితే పిల్లలు అంత గట్టిగా అరుస్తున్నారు. జీవితంలో మొదటిసారి ఒక తెలుగు కార్యక్రమం కోసం ఆ పిల్లలు కుర్చీల అంచున కూర్చోవడం చూశాను. నేను ఆరేళ్ళుగా ప్రయత్నించి చేయలేకపోయింది అదే.

నా వంతు వచ్చినప్పుడు అడిగాను. "అవధానిగారూ, చేత్తో పట్టుకుని ఆడే ఆటని ఫుట్‌బాల్ అని ఎందుకంటారు?"

అతను కళ్ళు తెరవకుండానే అన్నాడు. "నువ్వు కార్యదర్శిగ ఉన్నదాన్ని సాంస్కృతిక సంఘం అంటలేరా అన్నా, అట్లనే."

హాలు విరగబడి నవ్వింది. డాక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది మా అమ్మాయి, గంట చేతిలోంచి జారిపోయేంత. అది ఆటలో భాగమే. అప్రస్తుతం అడిగినవాడిని దెప్పడం అవధాని హక్కు. ఎవరైనా నవ్వేసి ఊరుకుంటారు. నేనూ నవ్వాను, దవడలు నొప్పిపుట్టేలా.

మూడో ఆవృత్తి. నంబర్లు అడిగే ఆయన వంతు అయిపోగానే నేను మైకు అందుకున్నాను.

"అవధానిగారూ, ఆటగాళ్ళందరి నంబర్లూ చెప్పారు, భేష్. మీ కంపెనీ బ్యాడ్జి నంబరు చెప్పండి. అన్నట్టు, ఆ బ్యాడ్జి ఇప్పుడెవరి దగ్గరుంది?"

జనం నవ్వారు. ఏదో చమత్కారం రాబోతోందనుకున్నారు. అతను కళ్ళు తెరిచి నన్ను చూశాడు. ఆదివారాలు చూసిన చూపే. అక్కడ ఆగిపోవచ్చు నేను. ఆగడానికి కావలసినంత సమయం ఉంది. అతను ఏదో ఒకటి అని తప్పించుకునేవాడు, పులిహోర తిని అందరం ఇళ్ళకు పోయేవాళ్ళం.

"పోనీ, తేలికైంది అడుగుతాను" అన్నాను. "జూన్ నుంచీ రోజూ పొద్దున్న ఏడింటికి క్యారియర్ పట్టుకుని ఎక్కడికెళ్తున్నారు?"

ఇంకా కొందరు నవ్వుతూనే ఉన్నారు. ముందు వరసల్లోంచి నవ్వు ఒక్కొక్కటే ఆగిపోయింది. మా కంపెనీవాళ్ళు పదిహేను మంది దాకా ఉన్నారు హాల్లో, ముందు వాళ్ళకు అర్థమైంది. తరవాత అందరికీ. ఆ నిశ్శబ్దంలో గంట ఒక్కసారి మోగింది. మా అమ్మాయి కావాలని కొట్టలేదు, నా వైపు తిరగబోతే మోచెయ్యి తగిలింది.

అతను రెండో వరస వైపు చూడలేదు. నా వైపే చూస్తూ, ఏ ప్రశ్నకైనా చెప్పినట్టే నిదానంగా చెప్పాడు.

"లైబ్రరీకన్నా. పై అంతస్తు. ఉద్యోగం పోయింది కద. నీకు చెప్పిన కద, ఎవ్వరికి చెప్పకుమని."

ఎక్కడో వెనక ఒకాయన, సంగతి తెలియక, భలే జవాబు అనుకుని చప్పట్లు కొట్టాడు. పక్కనున్నవాళ్ళు కూడా కలిశారు. ఆ చప్పట్లు నాకా, అతనికా, నాకు తెలియదు. నేను మైకు కింద పెట్టాను. మనసుకు అప్పుడు కూడా తృప్తిగానే ఉంది. అబద్ధమెందుకు.

"ఎవరిది వంతు?" అన్నాడు అతను.

పాత కథలు అడిగే ఆయన తడబడుతూ తన కాగితం చూసి చదివాడు. ముప్ఫైల్లో బయట మంచు ముంచెత్తితే, సర్కస్ ఆడి వెళ్ళిన హాల్లో, ఏనుగుల పేడ కలిసిన మట్టి మీద ఛాంపియన్‌షిప్ ఆడారట. అప్పటికి మన టీమ్ ఇంకా ఆ ఒహాయో ఊరిదే. ఎందుకు ఓడిపోయింది?

అతను కళ్ళు మూసుకున్నాడు. "మన మేటి ఆటగాడు ఆ దినం లేడు. సీజన్ అయిపోయిందని ఒక కాలేజీల బాస్కెట్‌బాల్ నేర్పే నౌకరికి పోయిండు. వాళ్ళు సెలవియ్యలే. మిగతాది నాలుగో ఆవృత్తిల చెప్త."

నాలుగో ఆవృత్తిలో నా వంతు వచ్చినప్పుడు నేను ప్రశ్న లేదని చెయ్యూపాను. ధారణ మొదలైంది. ఇరవై నిమిషాలు పట్టింది. అన్ని ఓటములూ, అన్ని నంబర్లూ, అన్ని కథలూ, ఒక్క తప్పు లేకుండా వరసగా అప్పజెప్పాడు. చివరికి గంటల లెక్క మిగిలింది.

"ఇరవై రెండు" అన్నాడు.

ఇరవై మూడు. నేను కూడా లెక్కపెట్టాను, తప్పు దొరుకుతుందేమోనని. ఆ నిశ్శబ్దంలో మోగినదాన్ని అతను వినలేదు. హాలంతా మా అమ్మాయి వైపు చూసింది. అది తన చేతిలో కాగితం మీద పెట్టుకున్న గీతలు ఒకసారి చూసుకుంది, తరవాత దాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"కరెక్ట్, అంకుల్" అంది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆచారం ప్రకారం అవధాని పృచ్ఛకులందరినీ మెచ్చుకోవాలి. నా దగ్గరికొచ్చేసరికి "అన్న మంచిగ అడిగిండు" అన్నాడు. అంతే. డాక్టరు అతనికి శాలువా కప్పాడు. నాకూ ఒకటి కప్పాడు, నా కళ్ళలోకి చూడకుండా.

భోజనాలకు వాళ్ళిద్దరూ ఉండలేదు. కోట్లు తగిలించే గదిలోకి నేను వెళ్ళేసరికి ఆమె ఒక్కతే ఉంది, తన కోటు వెతుక్కుంటూ. అతను కారు తేవడానికి వెళ్ళాడు. నన్ను తిడుతుందనుకున్నాను. మొగుడి సంగతి ఇంతమందిలో తెలుసుకున్న ఆడది ఏమన్నా అంటుంది, పడదామని సిద్ధపడే వెళ్ళాను. నిజానికి తిట్టించుకుంటే నాకు తేలికయ్యేది.

"చెల్లెమ్మా, ఏదో సరదాకి..." అన్నాను.

"నాకు జూన్‌లనే తెలుసన్నా" అంది.

కోటు దొరికింది. వేసుకోలేదు, చేతి మీద వేసుకుని నిలబడింది.

"నౌకరి పోయింది, ఇన్సూరెన్స్ బందైతదని కంపెనీ కాయితం పోస్టుల ఇంటికే వచ్చింది. ఆయన చూడకముందే చింపి పారేసిన. పొద్దుగాల అయిదింటికి లేసి వండి పంపిన. సాయంత్రం వచ్చి ఆఫీసుల గిట్లయింది, గట్లయింది అని కథలు చెప్తుండె. నేను కూసోని వింటుంటి. నీ ఇంట్ల నువ్వు అడుగుతుంటివి, ఆయన చెమటలు పట్టి చెప్తుండె, గప్పుడు గూడ విన్న. ఆయన నా ముందట తల ఎత్తుకొని తిరిగింది గా అబద్ధం మీదనే. గదొక్కటే ఉండె మా ఇంట్ల. నువ్వు గుంజుకున్నవ్."

బయట కారు హారన్ మోగింది, చిన్నగా, ఆమెను పిలుస్తూ.

"ఇప్పుడు పొయ్యి కార్ల కూసోని ఏడవాలె నేను. ఇప్పుడే తెలిసినట్టు, నాకెందుకు చెప్పలేదని అడిగి ఏడవాలె. నాకు ముందే తెలుసని, తెలిసి గూడ రోజు ఆయన అబద్ధం విన్ననని తెలిస్తే, ఆయన మనిషిగ మిగలడు. గది మాత్రం చెప్పకు అన్నా. ఈ ఒక్క మాటన్న దాచు."

"చెప్పను" అన్నాను.

ఆమె తలుపు దగ్గర ఆగి కళ్ళు నులుముకుంది, ఎర్రబడేదాకా. తరవాత బయటికి వెళ్ళింది.

చలికాలం వెళ్ళకముందే వాళ్ళు హ్యూస్టన్‌కి మారిపోయారు. అక్కడ చమురు కంపెనీలో ఉద్యోగం దొరికింది. వెళ్ళేముందు మా గరాజ్‌లోని అట్టపెట్టె కోసం కూడా రాలేదు. మా అమ్మాయి ఆ తరవాత మా టీవీలో ఆట చూడలేదు, నాతో మాట్లాడవలసి వస్తే ఇంగ్లీషులోనే మాట్లాడేది. నేను ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. రెండుసార్లు ఫోన్ తీసి నంబరు నొక్కి పెట్టేశాను.

కోట్ల గదిలో ఆమెకిచ్చిన మాట మాత్రం నిలబెట్టుకున్నాను. నలభై ఏళ్ళకు పైనే. మా ఆవిడకు కూడా చెప్పలేదు. పోయిన ఏడాది అతని భార్య కన్నుమూసిందని తెలిసింది. అతను బాగానే ఉన్నాడట. కంటి ఆపరేషన్ అయ్యాక చూపు బాగుందట, తెలుగు పుస్తకాలు, పత్రికలు తెప్పించుకుని చదువుతున్నాడట. భార్య తన కోసం ఏం చేసిందో అతనికి తెలియాలని, ఆమెకది న్యాయమని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆ రోజు మైకు అందుకున్నప్పుడు కూడా నాకు ఇలాంటి మంచి కారణమే ఏదో ఉండే ఉంటుంది. అయినా ఇది రాశాను, రేపు అచ్చుకు పంపుతున్నాను.